న్యూరోబ్లాస్టోమా పిల్లలకు అందని మందుల గురించి ఆరోగ్య శాఖల పెద్దలకు, మన ఫార్మా కంపెనీలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖల మంత్రులకు, ఉన్నతాధికారులకు,
కేంద్రంలో మందుల అనుమతులు చూసే అధికారులకు,
హైదరాబాద్ చుట్టుపక్కల యాంటీబాడీ మందులు తయారుచేస్తున్న కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను ఖమ్మం జిల్లాలో ఒక చిన్న పట్టణంలో మందుల షాపు నడుపుతాను. నా చెల్లెలి కొడుక్కి న్యూరోబ్లాస్టోమా. నాడీకణాలుగా ఎదగాల్సిన పసి కణాలు ఎదగకుండా గడ్డకట్టే క్యాన్సర్ అది. వాడి వైద్యం కోసం తిరుగుతున్నప్పుడు పరిచయమైన మరికొన్ని కుటుంబాల తరఫున కూడా ఈ లేఖ రాస్తున్నాను.

ఇందులో ఉన్న విషయాలే ఇంతకుముందు అర్జీలుగా పెట్టాం. ఒకచోట మందు దేశంలో దొరకదు కాబట్టి సాయం లెక్కకట్టలేం అన్నారు. ఇంకోచోట ఎంతవుతుందో లెక్క లేకుండా మంజూరు చేయలేం అన్నారు. మూడోచోట కాగితం తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు, అంతే. ఆ కార్యాలయాల పేర్లు, ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకరిద్దరు గుమాస్తాలను దోషులుగా నిలబెడితే మందు రాదు.

మా మాట సూటిగా ఇదీ. ఈ క్యాన్సర్ కణాలనే వెతికి చంపే మందులు ప్రపంచంలో ఉన్నాయి. అలాంటి మందులు తయారుచేయగల వాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉన్నారు. జబ్బుపడే పిల్లలు తక్కువ కాబట్టి, లాభం ఉండదని ఎవరూ ముందుకు రారు. మేం కొంటాం అని ప్రభుత్వాలు ముందే ఆర్డరు ఇస్తే తప్ప ఇది కదలదు.

జబ్బు గురించి

పిల్లలకు మెదడు బయట వచ్చే గడ్డ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దాదాపు అందరూ ఐదేళ్లలోపు వాళ్లే. ఎక్కువగా కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో గానీ, వెన్నెముక పక్కన నాడుల వరసలో గానీ మొదలవుతుంది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో పిల్లల క్యాన్సర్లలో దీని వాటా 7, 8 శాతం. క్యాన్సర్‌తో చనిపోయే పిల్లల్లో మాత్రం దీని వాటా సుమారు 15 శాతం. ఆ రెండు అంకెల మధ్య తేడాయే ఈ జబ్బు ఎంత మొండిదో చెబుతుంది.

పిల్లాడు నడవనని మారాం చేస్తాడు. కాళ్లు నొప్పులంటాడు. జ్వరం వచ్చి పోతుంటుంది. కొందరికి కళ్ల చుట్టూ దెబ్బ తగిలినట్టు కమిలిపోతుంది. పొట్ట గట్టిగా తగిలితే కడుపులో బల్ల అంటారు, పసరు పోయిస్తారు. క్యాన్సర్ అన్న అనుమానం వచ్చేసరికి ఎముకల్లోకి, మూలుగలోకి పాకి ఉంటుంది.

అన్ని కేసులూ ఒకటి కాదు. ఏడాదిన్నర లోపు కొందరు పసిపిల్లల్లో కాలేయానికి పాకిన గడ్డ కూడా దానంతటదే కరిగిపోతుంది. జపాన్ 1980ల మధ్యలో పసిపిల్లలందరికీ మూత్ర పరీక్ష పెట్టింది. కరిగిపోయే గడ్డలే ఎక్కువగా బయటపడుతున్నాయని, ప్రాణాంతకమైనవి అలా దొరకడం లేదని తేలాక, 2000 దశకం మొదట్లో ఆపేసింది. అందుకే ఊరూరా స్క్రీనింగ్ పెట్టండని మేం అడగడం లేదు. సుమారు సగం మంది పిల్లలకు వచ్చే హై రిస్క్ రకం గురించే ఈ లేఖ. కీమో, ఆపరేషన్, మూలకణాల ట్రాన్స్‌ప్లాంట్, రేడియేషన్, ఆ తర్వాత ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధకశక్తితోనే క్యాన్సర్‌ను చంపించే వైద్యం), ఇవన్నీ చేసే ధనిక దేశాల్లోనే ఈ రకంలో బతికి బయటపడేది సగం మంది. ఇక్కడ చివరి మెట్టు చాలామందికి లేనే లేదు.

గురిపెట్టే మందులంటే ఏమిటి

మామూలు కీమో వేగంగా పెరిగే ప్రతి కణాన్నీ కొడుతుంది. కలుపుతో పాటు పైరునూ మాడ్చే మందు అది. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు గడ్డను కరిగిస్తుంది, చెవి లోపలి సున్నితమైన కణాలనూ తీసుకుపోతుంది. మాటలు నేర్చుకునే వయసులో వినికిడి తగ్గితే ఆ నష్టం జీవితాంతం ఉంటుంది.

న్యూరోబ్లాస్టోమా కణాల పైపొర మీద జీడీ2 అనే పదార్థం దట్టంగా పరుచుకుని ఉంటుంది. మిగతా ఒంట్లో చాలా తక్కువ. డైనుటుక్సిమాబ్ అనే యాంటీబాడీ, అంటే ఒకే గురికి అతుక్కునేలా తయారుచేసిన ప్రొటీన్, ఈ జీడీ2కి అతుక్కుంటుంది. అతుక్కున్న కణాన్ని బిడ్డ సొంత రోగనిరోధక కణాలు గుర్తుపట్టి చంపుతాయి. నొప్పిని మోసే నాడుల మీద కూడా కొంత జీడీ2 ఉంటుంది కాబట్టి మందు ఎక్కుతున్నంతసేపూ పిల్లలు విలవిల్లాడతారు. మార్ఫిన్ ఇస్తూ ఎక్కించాలి. గురిపెట్టే మందు అనగానే బాధలేని మందు అనుకోవద్దు.

ఫలితం మాత్రం కాగితాల మీద ఉంది. అమెరికాలో 226 మంది పిల్లలతో చేసిన ట్రయల్ 2010లో వెలువడింది. మామూలు వైద్యం పొందిన వాళ్లలో రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నది 46 శాతం. యాంటీబాడీ, దానికి తోడు రోగనిరోధకశక్తిని పెంచే మందులు తీసుకున్న వాళ్లలో 66 శాతం. ఐదేళ్లకు చూస్తే ఆ తేడా తగ్గింది, నిజమే. అయినా బతికి ఉన్నవాళ్ల లెక్క తీస్తే యాంటీబాడీ తీసుకున్న గుంపులో 73 శాతం, మామూలు వైద్యం గుంపులో 57 శాతం. వంద మందిలో పదహారు మంది పిల్లలు అదనంగా బతకడాన్ని చిన్న లాభం అనలేం.

మన అధికారులు గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ ట్రయల్‌కు కావలసిన మందును తయారుచేసి ఇచ్చింది అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. కంపెనీ తర్వాత వచ్చింది. 2015 మార్చిలో అక్కడ అనుమతి దొరికింది. యూరప్‌లో డైనుటుక్సిమాబ్ బీటా 2017లో, అమెరికాలో నాక్సిటమాబ్ అనే మరో యాంటీబాడీ 2020లో వచ్చాయి. పెట్టుబడిదారు దొరికేదాకా ఆగుదాం అని ప్రభుత్వం కూర్చుని ఉంటే ఇందులో మొదటిది కూడా వచ్చేది కాదేమో.

రెండోది ఆల్క్ జన్యువు. వంద గడ్డల్లో సుమారు ఎనిమిది నుంచి పదింటిలో ఈ జన్యువు చెడి ఉంటుంది. ఈ సంబంధం 2008లో బయటపడింది. అదృష్టమేమిటంటే కొందరు పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్‌లోనూ ఆల్క్ చెడి ఉంటుంది, వాళ్ల కోసం మాత్రలు వచ్చాయి. అందులో లార్లాటినిబ్‌ను జబ్బు తిరగబెట్టిన న్యూరోబ్లాస్టోమా పిల్లలకు ఇచ్చి చూశారు. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. వేరే ఏ మందూ కలపకుండా ఇచ్చినా పిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి గడ్డలు తగ్గాయి. పెద్దవాళ్లకు ఈ మాత్ర మన దేశంలో అమ్ముతున్నారు. పిల్లలకు రాయాలంటే డాక్టరుకు టెన్షన్, కొనాలంటే మాకు టెన్షన్.

మూడోది నా షాపులో అరమీదే ఉంది. వినడానికి విచిత్రంగా ఉంటుంది. ఎఫ్లోర్నిథిన్ అనే రసాయనం మొదట క్యాన్సర్ కోసమే తయారైంది. అక్కడ పెద్దగా పనిచేయలేదు. ఆఫ్రికాలో ఈగ కాటుతో వచ్చే నిద్రజబ్బుకు అద్భుతంగా పనిచేసింది. కోమాలోకి పోయిన వాళ్లు లేచి కూర్చునేవాళ్లు. కానీ ఆ రోగులు పేదవాళ్లు. లాభం లేదని 1990లలో కంపెనీ ఇంజెక్షన్ల తయారీ ఆపేసింది. అదే రసాయనాన్ని ఆడవాళ్ల ముఖం మీది వెంట్రుకలు తగ్గించే క్రీముగా 2000లో అమెరికాలో అమ్మకానికి పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, డాక్టర్ల సంఘాలు గట్టిగా ఒత్తిడి చేశాక 2001లో నిద్రజబ్బు మందు తయారీ మళ్లీ మొదలైంది. అదే మందును ఇప్పుడు మాత్రగా, న్యూరోబ్లాస్టోమా పిల్లల్లో జబ్బు తిరగబెట్టకుండా వాడటానికి 2023 డిసెంబర్‌లో అమెరికా అనుమతించింది. మిక్-ఎన్ అనే జన్యువు అదుపు తప్పిన గడ్డలకు పాలీఅమైన్లు అనే పదార్థాలు విపరీతంగా కావాలి. ఈ మాత్ర ఆ తయారీని ఆపుతుంది. క్రీము రాస్తే క్యాన్సర్ తగ్గదు, ఆ పొరపాటు ఎవరూ చేయొద్దు. క్రీము ఉన్న ఊళ్లో మాత్ర ఎందుకు లేదన్నదే నా ప్రశ్న. నేను అడిగిన ఏ డిస్ట్రిబ్యూటరూ తెప్పించలేనన్నాడు.

నాలుగోది ఎంఐబీజీ. గడ్డ కణాలు ఆబగా పీల్చుకునే పదార్థానికి రేడియో అయోడిన్ తగిలించి లోపలికి పంపే పద్ధతి. దీన్ని అణుశక్తి శాఖ కింద ఉన్న నవీ ముంబైలోని బ్రిట్ సంస్థ దేశంలోనే తయారుచేసి ఇస్తోంది. ప్రభుత్వం తలచుకుంటే ఏమవుతుందో చూపడానికి ఇది చాలు.

మందు అందకపోతే మామూలు కుటుంబాలకు ఏమవుతోంది

1. ధర. మందుల వ్యాపారిని కాబట్టి లెక్క నేనే వేశాను. ఇంగ్లండ్‌లో డైనుటుక్సిమాబ్ బీటా 20 మిల్లీగ్రాముల వయల్ లిస్టు ధర 7,610 పౌండ్లు. ఒంటి వైశాల్యం 0.6 చదరపు మీటర్లున్న బిడ్డకు ఒక విడతకు మూడు వయల్స్ కావాలి. అలా ఐదు విడతలు. పదిహేను వయల్స్. మన డబ్బుల్లో కోటి దాటింది. అక్కడి ప్రభుత్వం దేశం మొత్తానికి ఒకే కొనుగోలుదారుగా కూర్చుని రహస్య డిస్కౌంటు సంపాదించుకుంది. ఇక్కడ ఒక్కో తండ్రి ఒక్కడే వెళ్లి బేరమాడాలి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలు అని ప్రకటించారు. కేంద్రం ఆయుష్మాన్ భారత్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. ఇవి మంచి పథకాలే. కీమో, ఆపరేషన్ల దగ్గర మమ్మల్ని నిలబెట్టింది ఇలాంటి పథకాలే. చివరి మెట్టు దగ్గర మాత్రం ఇవి సరిపోవు. మిగతాది ముఖ్యమంత్రి సహాయ నిధి హామీ పత్రం (సీఎంఆర్‌ఎఫ్ ఎల్‌ఓసీ) కోసం తిరగడం, చిట్టీ పాడటం, ఉన్న అరెకరం అమ్మడం, బిడ్డ ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి చేయి చాచడం.

2. పన్ను. ఒక మంచి పని జరిగింది, చెప్పాలి. 2023 జులై 11న జరిగిన జీఎస్టీ మండలి 50వ సమావేశంలో, సొంత వాడకానికి దిగుమతి చేసుకునే డైనుటుక్సిమాబ్ మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, ఎత్తేశారు. అంతకుముందు 12 శాతం ఉండేది. బిడ్డ ప్రాణం మీద పన్నేమిటని అడిగే పని తప్పింది. కానీ పన్ను లేకపోయినంత మాత్రాన కోటి రూపాయల మందు కొనగలిగే కూలీ ఎవరున్నారు?

3. కాగితాలు. సొంత వాడకానికి దిగుమతి చేసుకోవాలంటే 12ఏ ఫారంలో దరఖాస్తు పెట్టి 12బీ పర్మిట్ తెచ్చుకోవాలి. ప్రతి కుటుంబం విడిగా, మొదటి నుంచీ. డాక్టరు ఉత్తరం, విదేశీ సరఫరాదారు కొటేషన్, అడ్వాన్సు సొమ్ము, దారి పొడవునా 2 నుంచి 8 డిగ్రీల చలిలో వచ్చే ఏర్పాటు. ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక ఇమ్యునోథెరపీ మొదలుపెట్టడానికి ఒక సమయం ఉంటుంది. పర్మిట్ కోసం చూస్తూ ఆ సమయం దాటించుకున్న తల్లిదండ్రులు నాకు తెలుసు. వాళ్లు పత్తి రైతులు. వాళ్లకు కొటేషన్ ఇంగ్లీషులో వచ్చింది, అది కూడా యూరోల్లో.

4. పరీక్షలు. గడ్డలో మిక్-ఎన్ ఎన్ని కాపీలు ఉన్నాయో, ఆల్క్ చెడిందో లేదో చూడకపోతే ఏ మందు ఎవరికో తేలదు. సుమారు ఐదో వంతు గడ్డల్లో మిక్-ఎన్ కాపీలు విపరీతంగా పెరిగి ఉంటాయి. అవి అత్యంత ప్రమాదకరమైనవి. పరీక్ష లేకపోతే తక్కువ కీమో చాలే బిడ్డకు ఎక్కువ ఇస్తారు, ఎక్కువ కావలసిన బిడ్డకు తక్కువ పడుతుంది. బయాప్సీ ముక్కను మైనం దిమ్మలో పెట్టి కుటుంబం చేతికిచ్చి, వేరే నగరంలో ప్రైవేటు ల్యాబుకు కొరియర్ చేసుకోమనడం మాకు ఎదురైంది. ఆ డబ్బు ఏ పథకంలోనూ రాలేదు.

5. మధ్యలో ఆపేయడం. ఇది ఎవరూ లెక్కపెట్టరు. ముందు దారి లేదని తెలిసిన తల్లిదండ్రులు ట్రాన్స్‌ప్లాంట్ దాకా కూడా రారు. చివరికి మందు లేదన్నప్పుడు ఇంత బాధ ఎందుకు పెట్టాలి అని బిడ్డను ఇంటికి తీసుకుపోతారు. ఆసుపత్రి రికార్డులో అది 'మళ్లీ రాలేదు' అన్న ఒక్క మాటగా ఉంటుంది. బిడ్డకు తోడుగా ఉన్న తల్లి కూలి పోతుంది. పెద్ద పిల్ల బడి మానేసి వంట చేస్తుంది. ఇవీ ఈ జబ్బు ఖర్చులే.

6. ఆశ అమ్మేవాళ్లు. రోమ్ నగరంలో జీడీ2 మీద గురిపెట్టిన కార్-టీ కణాలతో (రోగి సొంత రోగనిరోధక కణాలనే ల్యాబులో మార్చి తిరిగి ఎక్కించే పద్ధతి) 27 మంది పిల్లలకు వైద్యం చేశారు. 17 మందిలో జబ్బు తగ్గింది. 2023లో వచ్చిన నిజమైన, గొప్ప ఫలితం అది. కానీ అది చదివి, మేం పంపిస్తాం అంటూ ఫోన్లు చేసే ఏజెంట్లు ఉన్నారు. సరైన సమాచారం తెలుగులో సర్కారు ఇవ్వదు కాబట్టి ఆ ఖాళీలోకి వాళ్లు వస్తారు.

చేయలేని పని కాదు

2012 మార్చిలో సొరాఫెనిబ్ అనే కిడ్నీ, కాలేయ క్యాన్సర్ మందుకు దేశంలో మొదటి తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటు వేరేవాళ్లదైనా తయారుచేసుకునే అనుమతి, దక్కింది హైదరాబాద్ కంపెనీ నాట్కోకే. నెలకు 2 లక్షల 80 వేలు దాటే మందు 8,800 రూపాయలకు వచ్చింది. వెన్నెముక కండరాల క్షీణత ఉన్న పిల్లల మందు రిస్డిప్లామ్ విషయంలో, దేశీ తయారీని ఆపమని పేటెంటు కంపెనీ అడిగితే, 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. అదే కంపెనీ దాన్ని సీసా 15,900 రూపాయలకు తెచ్చింది. అంతకుముందు సీసా ధర ఆరు లక్షల పైమాట. అదీ అరుదైన జబ్బే, అదీ పిల్లల జబ్బే.

యాంటీబాడీ మాత్ర లాంటిది కాదు, జీవకణాల్లో పెంచాలి, ఖర్చెక్కువ అంటారు. ఒప్పుకుంటాం. అందుకే హైదరాబాద్ గుర్తొస్తోంది. డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రిటుక్సిమాబ్ యాంటీబాడీకి తన రూపం తెచ్చింది. హెటిరో బెవాసిజుమాబ్ అనే మరో యాంటీబాడీ తయారుచేస్తోంది. ట్యాంకులు, శాస్త్రవేత్తలు, శుద్ధిచేసే పరికరాలు అన్నీ ఇక్కడున్నాయి. జీడీ2 యాంటీబాడీ కూడా కొత్తదేం కాదు, దాని మూలాలు 1980ల నాటివి. లేనిది కొనుగోలుదారు. అమెరికా అంత దేశంలోనే ఏటా 700, 800 కేసులు. ఇంత తక్కువ మంది కోసం ప్లాంటులో ఒక ట్యాంకు కేటాయించమని ఏ కంపెనీ బోర్డునూ ఒప్పించలేం. ప్రభుత్వం మాత్రం ఒప్పించగలదు.

కలిసి కొంటే ఏమవుతుందో కూడా చూశాం. టాటా మెమోరియల్ నడిపించే క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ 40 క్యాన్సర్ మందులను ఆసుపత్రులన్నింటి తరఫున ఒకే టెండరులో కొని, ధరలు బాగా దించింది. ఆ జాబితాలో ఇలాంటి మందులకు చోటు ఇవ్వడానికి అడ్డేమిటి?

మా డిమాండ్లు

1. రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి, వీలైతే పొరుగు రాష్ట్రాలనూ కలుపుకుని, జీడీ2 యాంటీబాడీకి మూడేళ్ల ముందస్తు కొనుగోలు హామీ ఇవ్వాలి. ఏటా ఎంతమంది పిల్లలు, ఎన్ని వయల్స్ అన్నది పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల రికార్డుల నుంచి లెక్కతీసి, ఆ అంకెను బహిరంగంగా ప్రకటించాలి. ఆ అంకె ఉంటేనే కంపెనీ ధర చెప్పగలదు. దేశీ మందు వచ్చేదాకా ఇదే హామీతో విదేశీ కంపెనీతో బేరమాడాలి.

2. ఫార్మా కంపెనీల పెద్దలారా, మీలో ఎవరైనా ఈ మందు మీద ఇప్పటికే పని మొదలుపెట్టి ఉంటే దయచేసి చెప్పండి, ఎదురుచూసే వాళ్లకు అదొక ధైర్యం. మొదలుపెట్టకపోతే, ఏ షరతుల మీద మొదలుపెడతారో రాతపూర్వకంగా ప్రభుత్వాలకు చెప్పండి. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద వార్డులో బొమ్మలు పంచుతున్నారు, సంతోషం. మాకు కావలసింది మందు. ఎఫ్లోర్నిథిన్ మాత్ర యాంటీబాడీ కాదు, మామూలు రసాయనమే. దాన్ని ముందు చేయండి.

3. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరోపియన్ యూనియన్‌లలో అనుమతి ఉన్న కొన్ని రకాల మందులకు ఇక్కడ మళ్లీ క్లినికల్ ట్రయల్ అక్కర్లేదని 2024 ఆగస్టులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. అరుదైన జబ్బుల మందులు, ఇప్పుడున్న వైద్యం కంటే గణనీయంగా మెరుగైన మందులు అందులో ఉన్నాయి. న్యూరోబ్లాస్టోమా మందులు ఈ వెసులుబాటు కిందకు వస్తాయని స్పష్టంగా ప్రకటించండి. అప్పటిదాకా, కొత్త మందుల నియమాల్లో ప్రభుత్వ ఆసుపత్రి తన రోగుల కోసం తానే దిగుమతి చేసుకునే దారి ఒకటి ఉంది. ఆ దారిలో ఎంఎన్‌జే లాంటి సర్కారు క్యాన్సర్ ఆసుపత్రికి మందును ముందే నిల్వ ఉంచుకునే డబ్బు ఇవ్వండి. 12ఏ ఫారం పట్టుకుని ఒక్కో తండ్రి తిరిగే పద్ధతి పోవాలి.

4. మిక్-ఎన్, ఆల్క్ పరీక్షలు ప్రతి బిడ్డకూ ఉచితంగా చేయాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ సంస్థ, ఈ మూడింటిని కేంద్రాలుగా పెట్టి, జిల్లా నుంచి బయాప్సీ ముక్కను సర్కారే తెప్పించుకోవాలి. డిమాండ్లన్నింటిలో తక్కువ ఖర్చయ్యేది ఇదే. దీనికి కూడా డబ్బు లేదంటే మేం నమ్మం.

5. ఆల్క్ చెడినట్టు తేలిన పిల్లలకు లార్లాటినిబ్ లాంటి మాత్రలు ఉచితంగానో, నామమాత్రపు ధరకో ఇవ్వాలని వాటిని ఇక్కడ అమ్మే కంపెనీలకు షరతు పెట్టాలి. అమెరికాలో 2017లో ఒక చట్టం తెచ్చారు, 2020 నుంచి అమల్లో ఉంది. పెద్దల క్యాన్సర్ మందు గురిపెట్టే జన్యువు పిల్లల క్యాన్సర్‌లోనూ ఉంటే, ఆ కంపెనీ పిల్లల్లోనూ పరీక్షించి తీరాలి. అలాంటి నియమం మన దగ్గర ఎందుకు ఉండకూడదు?

6. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టులు పిల్లల క్యాన్సర్‌లో ఈ మందులకు విడిగా ప్యాకేజీ పెట్టాలి. కుటుంబ పరిమితితో దానికి ముడిపెట్టకూడదు. 2021 నాటి జాతీయ అరుదైన జబ్బుల విధానంలో 50 లక్షల దాకా సాయం ఉంది, ఆ జాబితాలో న్యూరోబ్లాస్టోమా లేదు. చేర్చమని రెండు రాష్ట్రాలూ కేంద్రానికి రాయాలి.

7. మందు వచ్చినా ఎక్కించే చేతులు కావాలి. నొప్పి తగ్గించడం తెలిసిన నర్సులు, మార్ఫిన్ నిల్వ, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే వార్డు. వాటికి ఇప్పుడే శిక్షణ మొదలుపెట్టండి. సిస్‌ప్లాటిన్ తీసుకున్న ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష, అవసరమైతే చెవి మిషను ఆసుపత్రి నుంచి వెళ్లేలోపే ఇవ్వాలి.

8. డాక్టర్లకు ఒక విన్నపం. తల, మెడ క్యాన్సర్‌లో నివోలుమాబ్ అనే ఖరీదైన యాంటీబాడీని పదో వంతు కంటే తక్కువ డోసులో ఇచ్చినా కీమోకు తోడుగా మేలు చేస్తుందని ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ట్రయల్ చేసి చూపించారు. ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో పుట్టిన పరిశోధన అది. జీడీ2 యాంటీబాడీతో పాటు ఇచ్చే, రోగనిరోధకశక్తిని పెంచే ఐఎల్-2 మందు అక్కర్లేదని, దాన్ని తీసేస్తే పిల్లలకు బాధ తగ్గుతుందని యూరప్ ట్రయల్ 2018లో తేల్చింది. తక్కువ డోసు, తక్కువ విడతలు చాలతాయా అన్నది మన పిల్లల్లో పద్ధతిగా, ఎథిక్స్ కమిటీల అనుమతితో పరీక్షించండి. ప్రభుత్వం దానికి నిధులివ్వాలి. ఎవరికి వారు అంచనాగా డోసు తగ్గించడం మాకు వద్దు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో పిల్లల క్యాన్సర్ మీద ఒక లక్ష్యం పెట్టుకుంది. 2030 నాటికి ప్రపంచమంతా కలిపి కనీసం 60 శాతం మంది బతకాలి. ధనిక దేశాల్లో ఇప్పటికే 80 శాతం దాటింది. ఆ గడువుకు ఇంకా ఎన్నో ఏళ్లు లేవు. మొదటి డిమాండ్‌కు, అంటే కొనుగోలు హామీకి, మూడు నెలల్లో అవుననో కాదనో రాతపూర్వకంగా జవాబివ్వండి. కాదంటే కారణం రాయండి. డబ్బు లేదనా, పిల్లలు తక్కువనా, మందు మీద నమ్మకం లేదనా, ఏదైనా సరే. ఆ జవాబు ఎలా ఉన్నా, ఇలాంటి కుటుంబాలున్న ప్రతి జిల్లాలో తెలుగులో అచ్చువేయించి పంచుతాం. నాలుగో డిమాండ్‌లోని పరీక్షలకు మాత్రం మూడు నెలలు కూడా అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక మందుల షాపు యజమాని,
న్యూరోబ్లాస్టోమా పిల్లల కుటుంబాల తరఫున

ప్రతులు: రెండు రాష్ట్రాల లోక్‌సభ, రాజ్యసభ సభ్యులకు, కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖకు, మందుల వ్యాపారుల సంఘాలకు